దూబగుంట మాట ఊరూరికీ ఎలా పాకింది: ఒక కేస్ స్టడీ

గ్రామాల్లో ప్రచార కార్యక్రమాలు నడిపేవాళ్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, మహిళా సంఘాల సీసీలు (కమ్యూనిటీ కోఆర్డినేటర్లు), అప్పుడప్పుడూ జిల్లా స్థాయి అధికారులు నా క్లాసులకు వస్తుంటారు. ఏ బ్యాచ్ వచ్చినా మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "మేడమ్, మెసేజ్‌ని జనంలోకి ఎలా తీసుకెళ్లాలి?" మంచి మాట మన దగ్గరుంది, జనం దగ్గర లేదు, మధ్యలో రవాణా ఒక్కటే సమస్య అనే నమ్మకం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ నమ్మకాన్ని కదపడానికి నేను క్లాసులో పెట్టే కేసు, దూబగుంట అనే పల్లె పేరుతో ముడిపడిన 1992 నాటి నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం. ఒక ఆలోచన ఎలా పుట్టింది, చేతులు మారుతూ ఎలా మారిపోయింది, ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది అన్నది మొదలు నుంచి చివరిదాకా కనిపించే కేసులు మనకు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

రెండు సర్కారీ పథకాలు

కథ మొదలయ్యే నాటికి ఊళ్లోకి ప్రభుత్వం రెండు వస్తువులు పంపుతోంది. ఒకటి సారా, రెండోది చదువు.

1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో సరఫరా చేసే ఏర్పాటు తెచ్చింది. ప్యాకెట్ అంటే జేబులో పట్టే సరుకు. పొలం గట్టు దాకా వెళ్తుంది, అరువుకు వెళ్తుంది, కాంట్రాక్టరు జీపులో మారుమూల పల్లెకు కూడా వెళ్తుంది. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఎక్సైజ్ ఆదాయం 1991-92కల్లా 800 కోట్లు దాటింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఎవరి కూలి డబ్బో వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం కూలి చేతికి వచ్చే చోటుకీ ఇంటికీ మధ్యలో కొట్టు ఉంటుంది.

ఇక చదువు. జాతీయ సాక్షరతా మిషన్ 1988లో మొదలైంది. 1990లో కేరళలోని ఎర్నాకుళం దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా ప్రకటన పొందాక, ఆ నమూనాను మిగతా రాష్ట్రాలూ అందుకున్నాయి. చిత్తూరులో అది 'అక్షర తపస్మాన్', నెల్లూరులో 'అక్షర దీపం'. రాత్రి బడులు పెట్టారు. జీతం లేని వాలంటీర్లు ముందుకొచ్చారు. పాటలు, వీధి నాటకాలతో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రి బడికి మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా వచ్చారు. మగవాళ్లలో చాలామంది ఆ టైముకి ఎక్కడుండేవారో కూడా కథలో భాగమే.

ఒక శాఖ సారా అమ్ముతుంటే ఇంకో శాఖ సారా ఎంత చేటో చెప్పే పాఠం అచ్చు వేయించింది. కావాలని చేసిన పనేమీ కాదు. సర్కారులో ఒక కుర్చీకి ఇంకో కుర్చీ సంగతి తెలియకపోవడం వల్ల కూడా ఒక్కోసారి మంచి జరుగుతుంది.

పాఠం నుంచి పని, పని నుంచి పాఠం

రాత్రి బడి వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల చితికిపోయిన ఇంటి కథ. వయోజన విద్య పాఠం నడిచే తీరు తెలియనివాళ్లకు ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కిటుకంతా అందులోనే ఉంది.

పిల్లల బడిలో ముందు అక్షరం, తర్వాత మాట, ఆ తర్వాత కథ. ఇక్కడ అంతా తలకిందులు. ముందు బొమ్మ చూపిస్తారు. బొమ్మలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, మన ఊళ్లో ఇలా ఉంటుందా అని అడుగుతారు. మాటలు నడుస్తాయి. ఆ మాటల్లోంచి ఒక ముఖ్యమైన పదాన్ని పట్టుకుని బోర్డు మీద రాస్తారు, దాన్ని అక్షరాలుగా విడగొడతారు, చివరికి పలక మీదకు వస్తారు. అంటే అక్షరం దాకా చేరాలంటే చర్చను దాటి రావాలి. తాగుబోతు మొగుడి బొమ్మ చూపించి 'మన ఊళ్లో ఇలా ఉంటుందా' అని అడిగితే ఆ రాత్రి అక్షరం దాకా చేరడం కష్టమే. అడిగేది కూడా పై నుంచి దిగిన అధికారి కాదు, ఆ ఊరి కుర్రాడో కోడలో. 'అమ్మా, ఆ సంగతులు ఇప్పుడెందుకు' అని నోరు మూయించే హోదా వాళ్లకు లేదు.

ప్రతి ఇంట్లో ప్రతి ఆడమనిషికీ ఆ బాధ ముందే తెలుసు. తెలియనిదల్లా పక్కింట్లో కూడా అదే లెక్క అన్నది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అది నలుగురిలో మాట్లాడదగ్గ విషయమే అన్నది. అంతకు ముందు అది 'మా ఇంటి గొడవ'. బడిలో చాప మీద కూర్చున్నాక 'మన ఊరి గొడవ' అయింది. ఈ మార్పును నేను క్లాసులో బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తాను.

కలిగిరి మండలం దూబగుంట ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతంలోని ఊరు. అక్కడి ఆడవాళ్లు బడిలో మాట్లాడుకోవడంతో ఆగలేదు. ఊళ్లోకి సారా రానివ్వకుండా అడ్డుకుని కొట్టు మూయించారు. ముందు నిలిచినవాళ్లలో రోశమ్మ ఒకరు. తర్వాత ఆమె పేరు ఊరి పేరుతో కలిసిపోయి దూబగుంట రోశమ్మ అయింది. ఆ రోజు సరిగ్గా ఏం జరిగింది, ఎవరు ముందు లేచారు, బండి ఆపారా జీపు ఆపారా అన్న వివరాలు ఒక్కో కథనంలో ఒక్కోలా ఉంటాయి. ఏది సరైనదో తేల్చమని మా ట్రైనీలు అడుగుతారు. తేల్చడం చరిత్రకారుల పని. మన కేసుకు కావలసిందల్లా ఆ కథకు అన్ని రూపాలు ఉండటమే. చెప్పే ప్రతి మనిషీ తన ఊరికి సరిపడేలా తిప్పుకుని చెబితేనే ఒక కథకు అన్ని రూపాలు వస్తాయి.

ఆ తర్వాతి అడుగు చాలామందికి తెలియదు. దూబగుంటలో జరిగినదాన్నే తీసుకుని 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠం రాసి, అక్షరాలు వచ్చినవాళ్ల కోసం తెచ్చిన 'చదువు వెలుగు' వాచకంలో పెట్టారు. ఒక కల్పిత కథ ఒక ఊళ్లో నిజం పనికి దారి తీసింది. ఆ నిజం పని మళ్లీ పాఠమై జిల్లాలోని వందల బడులకు వెళ్లింది. ఈసారి పుస్తకంలో ఉన్నది ఎక్కడో ఉండే సీతమ్మ కాదు. బస్సెక్కితే వెళ్లి చూసి రాగల ఊరు.

రెండు పాఠాలకూ తేడా ఎక్కడుంది? మొదటిది బాధను చెప్పింది, రెండోది చేసిన పనిని చెప్పింది. మొదటి పాఠంతో మాటలు పుట్టాయి, రెండో పాఠం తర్వాత ఊళ్లలో కొట్లు మూతపడటం మొదలైంది.

ప్రయాణించింది ఏమిటి

"సారా చెడ్డది" అన్న మాట 1992లో కొత్తగా ఎవరూ చెప్పలేదు. గాంధేయవాదులు ఎప్పటినుంచో చెబుతున్నారు, చర్చిల్లో చెప్పారు, భజన మందిరాల్లో చెప్పారు. తెలంగాణలో నక్సలైట్లు సారా మీద నిషేధం పెట్టి తుపాకీతో చెప్పారు. విననివాళ్లు లేరు. కాబట్టి దూబగుంట నుంచి బయల్దేరింది సమాచారం కాదు.

బయల్దేరింది ఒక నమూనా: ఫలానా ఊళ్లో ఆడవాళ్లు బండి ఆపారు, వాళ్లకేమీ కాలేదు. ఈ చిన్న వాక్యాన్ని విడదీసి చూస్తే దాని బలం తెలుస్తుంది.

చేసింది ఎవరు? మనలాంటి వాళ్లే. నాయకురాళ్లూ కాదు, చదువుకున్నవాళ్లూ కాదు. ఏం చేశారు? ఎవరైనా చేయగల పనే. బండికి అడ్డం నిలబడటానికి డబ్బు అక్కర్లేదు, పార్టీ అక్కర్లేదు, ట్రైనింగ్ అక్కర్లేదు. కావలసిందల్లా ఒకేసారి బయటికి వచ్చే కొంతమంది మనుషులు. చీపురు, కారం ప్రతి ఇంట్లోనూ ఉండేవే, అవే ఉద్యమం గుర్తులయ్యాయి. ఏమైంది? కొట్టు మూతపడింది. ఫలితం మర్నాడే కనిపించింది. మా ప్రచారాల్లో చాలావాటికి ఈ మూడింట్లో ఒక్కదానికీ జవాబు ఉండదు. 'పోషకాహారంపై అవగాహన పెంచుకుందాం' అన్న బ్యానర్ చూసి ఏ ఇల్లాలు రేపు పొద్దున ఏం చేయాలి?

ఇక దారుల సంగతి. అక్షర దీపం వాలంటీర్లు, కళాజాతాలు అధికారికమైన దారి. వాటితో పాటే నాట్లకు, కోతలకు ఊరు దాటి వెళ్లే ఆడకూలీల ముఠాలున్నాయి. వీటన్నిటికంటే పాతది పుట్టిల్లు, మెట్టినిల్లు దారి. ప్రతి ఊళ్లోనూ పక్క ఊరి ఆడపిల్లలే కోడళ్లు. అక్క ఊళ్లో కొట్టు మూయించారన్న కబురు చెల్లెలి ఊరికి పేపరు కంటే ముందే చేరుతుంది, పైగా నమ్మదగ్గ నోటితో చేరుతుంది. మగవాళ్ల రచ్చబండ ఒక ఊరికే పరిమితం. ఆడవాళ్ల చుట్టరికాలు మండలాలు దాటుతాయి. ఈ ఉద్యమం గురించి మాట్లాడేవాళ్లు వాచకానికి ఇచ్చినంత విలువ ఈ బంధుత్వాలకు ఇవ్వరు. నా అనుభవంలో మాత్రం ఈ రోజుకీ మహిళా సంఘాల్లో ఏ మాట వేగంగా వెళ్లిందో చూస్తే దారి వియ్యాల వెంటే కనబడుతుంది.

ఊరి కొట్టు ఊళ్లోనే మూయించొచ్చు, కానీ సారా అమ్మే హక్కుకు వేలం పాట జరిగేది జిల్లా కేంద్రంలో. వేలం ఆగితే జిల్లా మొత్తానికి సరఫరా గొంతు దగ్గర ఆగుతుంది. ఆడవాళ్లకు ఈ లెక్క త్వరగానే అర్థమైంది. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలో 2022 దాకా ఉన్న అధ్యాయం చెప్పిన లెక్క ప్రకారం సుమారు 5,000 గ్రామాల ఆడవాళ్లు సమావేశాలు పెట్టుకుని తీర్మానాలు చేసి కలెక్టరుకు పంపారు, నెల్లూరు జిల్లాలో సారా వేలం 17 సార్లు వాయిదా పడింది. ఆ పుస్తకంలో ఈ అంకెలు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. దూబగుంట మళ్లీ పాఠమైంది, ఈసారి ఢిల్లీ పుస్తకంలో. కాకపోతే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన పిల్లలు బండ్లు ఆపలేదు. పాఠం అదే అయినా, చదివే చోటు మారితే అది చేయించే పని మారిపోతుంది.

పేపరు చేసిన పని

1992 ద్వితీయార్ధంలో 'ఈనాడు' ఈ ఉద్యమాన్ని భుజానికెత్తుకుంది. 'సారాపై సమరం' పేరుతో ఊరూరి వార్తలు వేసింది. అంతకు మూడేళ్ల ముందే ఆ పత్రిక జిల్లా అనుబంధాలు మొదలుపెట్టి మండలాల దాకా విలేకరులను పెట్టుకుంది, కాబట్టి పల్లె వార్త అచ్చయ్యే మార్గం అప్పటికే సిద్ధంగా ఉంది. కాంగ్రెస్ ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడానికే ఇదంతా అన్న విమర్శ అప్పుడే వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది నెల్లూరు జిల్లానే కావడం ఆ అనుమానానికి ఇంకాస్త ఊతమిచ్చింది.

ఉద్దేశాల గొడవ పక్కన పెట్టి పని ఎలా నడిచిందో చూద్దాం. మా ఊరి పేరు పేపర్లో పడితే ఆ పని గట్టిపడుతుంది, వెనక్కి తగ్గితే పరువు పోతుంది. పక్క ఊరి పేరు పడితే మన ఊరికి పౌరుషం వస్తుంది. నెల్లూరు దాటి చిత్తూరు, కర్నూలు, ఇతర జిల్లాలకు పాకడంలో పేపరు పాత్ర పెద్దది, ఎందుకంటే చుట్టరికాలు అంత దూరం తీసుకెళ్లలేవు. అయితే చుట్టం నోట వచ్చిన కథలో ఎవరు కొట్టారో, ఎవరు భయపడ్డారో, మర్నాడు ఇంట్లో మొగుడు ఏమన్నాడో ఉంటుంది. పేపరు కథలో అవి పోతాయి. ఊరు పేరు, ఎంతమంది, ఏం ధ్వంసం చేశారు, ఫోటో. దూరం వెళ్లడానికి కథ ఒళ్లు తగ్గించుకోవాలి. తగ్గినప్పుడు పోయేది సాధారణంగా ఇంటి లోపలి భాగమే.

హైదరాబాద్ చేరాక

తర్వాతి సంగతి చాలామందికి గుర్తే, కాబట్టి గబగబా చెబుతాను. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం హామీ ఇచ్చారు. గెలిచి డిసెంబరులో ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే సంతకం పెట్టారు. 1995 జనవరిలో నిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది.

వారుణి వాహిని తెచ్చిన నాయకుడే మద్య నిషేధం తెచ్చాడని ఎత్తిపొడుస్తుంటారు. నాకు అందులో వైరుధ్యం కంటే ఒక సూత్రం కనిపిస్తుంది: బలం పుంజుకున్న మాటను పార్టీలు పుట్టించవు, ఎత్తుకుంటాయి. ఎత్తుకునేటప్పుడు తమ చేతికి అమరేలా చెక్కుతాయి. ఊళ్లో ఆడవాళ్ల వాక్యం "మా ఊళ్లోకి సారా రానివ్వం". అందులో చేసేవాళ్లు తామే. ఎన్నికల నాటికి అది "అన్నగారు మద్యం మాన్పిస్తారు" అయింది. అడ్డుకున్న ఆడవాళ్లు అందుకునే ఆడపడుచులయ్యారు. అడిగింది కూడా మారింది. మొదట అడిగింది సారా కొట్టు మూయమని. చట్టంలోకి వచ్చింది మద్యం మొత్తం. డిమాండు పెద్దదైంది, కానీ దాన్ని కాపలా కాసే పని ఊరి చేతి నుంచి ఎక్సైజ్ పోలీసుల చేతికి పోయింది.

1997లో సడలించినప్పుడు 1992 లాంటి కెరటం లేవకపోవడానికి నాకు తోచే కారణం ఇదే. బండి ఆపే అలవాటు అప్పటికే తప్పిపోయింది, ఎందుకంటే ఆపడానికి పోలీసులున్నారు కదా. పైగా సారా నిషేధం అలాగే ఉంచి బ్రాందీ, విస్కీలకే తలుపు తీశారు. సారా ప్యాకెట్ తిరిగి రాలేదు, చీప్ లిక్కర్ వచ్చింది. తర్వాత బెల్టు షాపు వచ్చింది. పాత నినాదం కొత్త శత్రువుకు అతకలేదు.

ఎదురు మాట ఎందుకు చావదు

క్లాసులో అందరూ ఉద్యమం మాట ఎలా పాకిందనే అడుగుతారు. దానికి ఎదురు నిలిచిన మాట ఎలా బతికిందని ఎవరూ అడగరు. "సంక్షేమానికి డబ్బెక్కడిది?" "మూస్తే నాటుసారా పెరుగుతుంది." 1992లో ఇవే మాటలు, 1997లో ఇవే, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీ నిషేధం హామీ వచ్చాక జరిగిన చర్చలోనూ ఇవే. చెప్పే నోళ్లు మారాయి, పార్టీలు అటు ఇటయ్యాయి, మాట మాత్రం అక్షరం మారలేదు.

ఈ మాటకు కళాజాతా అక్కర్లేదు. ఏటా బడ్జెట్ పద్దులో ఎక్సైజ్ రాబడి అంకె ఉంటుంది. ఆ అంకె ఉన్నంత కాలం ఏ పార్టీ ఆర్థిక మంత్రి కుర్చీలో కూర్చున్నా ఆ వాదన తనంతట తానే నోటికి వస్తుంది. దాన్ని ఎవరూ గట్టిగా నమ్మాల్సిన పని కూడా లేదు, పద్దు నింపితే చాలు. ఆడవాళ్ల మాటకు అలాంటి పద్దు లేదు. ప్రతిసారీ మనుషులే పూనుకుని మళ్లీ చెప్పాలి.

అదే నెల్లూరులో, అదే ఆడవాళ్ల నుంచి పుట్టిన ఇంకో ఆలోచన కథ చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. సారా ఆగాక మిగిలిన కూలి డబ్బులోంచి రోజుకు రూపాయి దాచుకునే 'పొదుపు లక్ష్మి' సంఘాలు వచ్చాయి. పొదుపుకు పుస్తకం ఉంది, సమావేశం తేదీ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. ఎవరికీ ఉత్సాహం లేని నెలలో కూడా సమావేశం జరుగుతుంది, ఎందుకంటే కిస్తీ కట్టాలి. అది డ్వాక్రాతో కలిసి, తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం అని పేర్లు మార్చుకుంటూ ఈ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి పల్లెలో ఉంది. బండి ఆపడం దావానలంలా పాకి ఆరిపోయింది. పొదుపు మెల్లగా పాకి నిలిచిపోయింది. సారా మీద కోపం తగ్గి పొదుపు మీద మోజు పెరిగిందని దీనికి అర్థం కాదు. పొదుపుకు నెలనెలా తిరిగొచ్చే పని దొరికింది, బండి ఆపడానికి దొరకలేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, ఒక బ్యాచ్‌లో ఒక ఏపీఎం (సంఘాల పని చూసే అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) నిలదీసి అడిగాడు కూడా: అలా నిలిచిన సంఘం ఇప్పుడు అప్పులిచ్చి వసూలు చేసుకునే యంత్రమైపోయింది కదా, అందులో దూబగుంట ఏం మిగిలింది అని. నిజమే. రూపం నిలిచినంత మాత్రాన లోపలి సరుకు నిలుస్తుందని హామీ లేదు. అయినా రేపు ఏదైనా ఊళ్లో ఆడవాళ్లు మళ్లీ బెల్టు షాపు మీదకు వెళ్లాలంటే వాళ్లు కలుసుకునే చోటు ఆ సంఘమే అవుతుంది, రాత్రి బడి ఇప్పుడు లేదు కాబట్టి.

ఈ కేసుతో నేను చేయించేది

బ్యాచ్‌కు వాళ్ల సొంత ప్రచార సామగ్రినే పరిచి పెడతాను: పోస్టర్లు, కరపత్రాలు, వాట్సాప్ వీడియోలు. ప్రతిదాంట్లోనూ రేపు పొద్దున ఒక మనిషి చేయగల పని ఏముందో గీత గీయమంటాను. చాలా కాగితాల మీద గీత పడదు. తర్వాత, ఆ పని చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్ల ఊరు ఈ చుట్టుపక్కలదేనా అని అడుగుతాను. వాట్సాప్ వచ్చాక కథ ప్రయాణం నిమిషాల్లో అయిపోతోంది. కానీ గ్రూపులో వచ్చిన వీడియోలోని ఆడవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లో తెలియదు, వాళ్ల ఊళ్లో మనకు చుట్టాలు ఉండరు. చూసి ఎమోజీ పెట్టి ముందుకు పంపడంతో బాధ్యత తీరిపోతుంది.

బాల్య వివాహాల మీద ఒక జిల్లాలో చేసిన పనిలో చుట్టరికాల దారి, నెలనెలా తిరిగొచ్చే పని అనే రెండు సంగతులూ పరీక్షించాం. పోస్టర్ల డబ్బులో కొంత తీసి, ఒక పెళ్లి ఆపించిన గ్రామ సంఘం సభ్యులను పక్క మండలాల్లో తమకు చుట్టరికాలున్న ఊళ్లకే పంపాం. ఉపన్యాసం వద్దు, ఏం జరిగిందో చెప్పండి, ఆ పిల్ల తండ్రి ఏమని తిట్టాడో కూడా చెప్పండి అన్నాం. విన్న ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న "తర్వాత వాళ్లు మీతో మాట్లాడుతున్నారా?" అన్నదే. ఆ జవాబు పోస్టర్ మీద అచ్చు వేయడం కుదరదు. రెండో పని, గ్రామ సంఘం నెలవారీ సమావేశం ఎజెండాలో "ఊళ్లో బడి మానేసిన ఆడపిల్లలు ఎవరు" అన్న వరుస ఒకటి చేర్పించాం. మినిట్స్ పుస్తకంలో పేర్లు రాయాలి.

ప్రాజెక్టు గడువు అయిపోయింది. పోస్టర్లు ఎప్పుడో చిరిగిపోయాయి. ఎజెండాలో ఆ వరుస మాత్రం చాలా సంఘాల్లో ఇంకా ఉంది. కొన్ని చోట్ల ప్రతి నెలా నిజంగానే పేర్లు చదివి మాట్లాడుకుంటున్నారు. మరికొన్ని చోట్ల "ఎవరూ లేరు" అని ముందే రాసుకొచ్చి సంతకాలు పెట్టించేస్తున్నారు. ఈ రెండో రకం సంఘాల మినిట్స్ పుస్తకాలు ప్రస్తుతం మా టేబుల్ మీద ఉన్నాయి. వాటిలో పేర్లు రాయడం ఏ నెలలో ఆగిపోయిందో, ఆ నెలలో సంఘంలో ఎవరు మారారో పక్కపక్కన పెట్టి చూస్తున్నాం.